సాక్ష్యంగా ఉన్న పుండుకు మందు పెట్టుట గురించి

తేది: 15-5-2023, సోమవారం ప్రజావాణి నిమిత్తం

జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
జిల్లా జంతుహింస నివారణ సంఘం అధ్యక్షుల హోదాలో.

రాళ్లచెల్క గ్రామ కాపురస్తుడు, ఒకప్పటి బందెలదొడ్డి కావలిదారు జానయ్య, తండ్రి కీర్తిశేషులు బాలయ్య, సమర్పించుకొను అర్జీ.

విషయం: ఠాణా వారు నా జిమ్మాలో ఉంచిన ఎద్దు మెడపుండుకు మందు పెట్టుటకు అనుమతి దయచేయుట గురించి, అది వీలుకానిచో, మందు పెట్టనందుకు నా మీద కేసు దయచేయుట గురించి.

అయ్యా,

నేను డెబ్బై దాటిన మనిషిని. బడి ముఖం చూడలేదు. బందెలదొడ్డి గోడకు ఆనుకొని, రసీదుల మీది అచ్చు అక్షరాలు గీసి గీసి చదువు నేర్చుకున్నాను. అందుచేత నా తెలుగులో సర్కారు వాసన ఎక్కువ, మా ఆవిడ బిక్షమ్మకు నా ఉత్తరం అర్థం కాదు, నా తిట్లు మాత్రం అర్థమవుతవి. తమరు ఈ కాలపు అధికారులు గనుక బందెలదొడ్డి అనగా ఏమో మనవి చేయుచున్నాను. చేనులో పడి మేసిన పరాయి పశువును తోలుకొచ్చి కట్టేసే సర్కారు దొడ్డి అది. యజమాని జుర్మానా కట్టి విడిపించుకొనే దాకా దాని మేత, నీళ్లు, కావలి నా జిమ్మా. ఇప్పుడు ఆ జాగాలో పల్లె ప్రకృతి వనం వెలసినది. మొక్కలు బాగున్నవి. ఆ మొక్కలను మేకలు మేస్తే తోలుటకే దొడ్డి లేదు. అది ఈ అర్జీకి సంబంధించిన విషయం కాదు, మన్నించవలెను.

1. మా ఊరి ఎల్లేష్ ఎద్దులబండి మీద వాగు ఇసుక తోలి బతుకును. గత నెల శ్రీశైలం సడకు మీద, కల్వకుర్తికి ఇవతల ఎత్తు ఎక్కుచుండగా అతని ఎలపటి ఎద్దు, అనగా జతలో కుడివైపు కట్టేది, మోకాళ్ల మీద కూలినది. వెనుక కారులో దర్శనానికి పోవుచున్న భక్తులు దిగి ఫోన్లు తీసి వీడియో పట్టినారు. అందులో కాడి కింద మెడ మీద అరచేయంత పుండు, దాని మీద ఎల్లేష్ చుట్టిన గోనెపట్టా, పట్టా తడిసి కారుచున్న రసి స్పష్టముగా కనబడును. ఎల్లేష్ ముల్లుగర్రతో పొడిచిన పొడుపు కూడా కనబడును. నేను అతనికి వకీలును కాను. పుండున్న మెడ మీద కాడి పెట్టినవాడు తప్పు చేసినవాడే. ఇల్లు కట్టుకొనేవారు ఇసుక కోసం తొందర చేసిరని అతడు చెప్పును. ఎద్దుకు ఆ సంగతి తెలియదు గదా.

భక్తుల వీడియో ఊరూరా తిరిగి ఠాణాకు చేరినది. జంతుహింస చట్టం కింద కేసు కట్టినారు. ఎద్దును జప్తు చేసినారు. జతలో రెండో ఎద్దుకు పుండు లేదు గనుక అది సాక్ష్యం కాదని ఇంటి దగ్గరనే వదలినారు.

2. ఠాణాలో కొట్టం లేదు. గోశాల దూరం, అంత దూరం లారీలో తోలుట మళ్లీ హింస అగునని ఎవరో చెప్పినారట. హెడ్ కానిస్టేబుల్ దశరథ్ గారు ఎద్దును నడిపించుకొని నేరుగా మా ఇంటికి వచ్చినారు.

"జానయ్య తాతా, దొడ్డి నడిపిన తజుర్బా నీకే ఉంది. జర గీ ఎద్దును నీ కాడ కట్టేస్కో. కోర్టు అడిగిననాడు తోల్కరావాలె, గంతే."

లోపలి నుంచి బిక్షమ్మ అన్నది: "పింఛన్ల మీద బతికే ముసలోనికి ఎద్దొకటి తక్కువైందా సారూ? గాయన్నే కట్టెయ్యలేక సస్తున్న నేను."

అయినను నేను ఒప్పుకున్నాను. దొడ్డి పోయిన తర్వాత సర్కారు నన్ను అడిగిన మొదటి పని ఇది. జిమ్మానామా రాయుటకు దశరథ్ గారు కలం తీసి "ఏమని రాద్దాం తాతా?" అని అడిగినారు. ఆ నిమిషంలో నా నోరు ఊరకుండవలసింది. ఉండలేదు. దొడ్డి రసీదులో ఉండే వాక్యం గడగడ అప్పజెప్పినాను: "ఏ స్థితిలో అప్పగించిరో అదే స్థితిలో, రవ్వంత మార్పు లేకుండా, తిరిగి హాజరుపరచగలవాడను."

ఆ వాక్యం వెనుక ఒక చరిత్ర ఉన్నది. దొడ్డికి వచ్చిన పశువు కొమ్ము విరిగిందని, తోక వెంట్రుకలు కోసినారని, దూడను మార్చినారని జనం తగవుకు వచ్చుచుండిరి. ఒక పటేలు తన బర్రె దొడ్డిలో ఉండి పాలు మరిచిందని నా మీద పంచాయితీ పెట్టినాడు. వట్టిపోయిన బర్రెను చేనుల మీదికి వదిలినదే ఆయన. ఆ బాధలు పడలేక ఎవరో తెలివైన తాసిల్దారు ఆ వాక్యం కనిపెట్టినాడు. దశరథ్ గారు "మస్తుంది తాతా" అని మెచ్చుకొని అక్షరం పొల్లుపోకుండా ఎక్కించినారు. నేను వేలిముద్ర కాదు, సంతకం చేసినాను.

3. మరునాడు పొద్దున వేపాకు కాచిన నీళ్లు తెచ్చి పుండు కడుగబోతిని. ఫోటోలు తీయుటకు అదే సమయానికి దశరథ్ గారు వచ్చినారు.

"ఏయ్ తాతా! ఏం జేస్తున్నవ్?"

"పుండు కడుగుతున్న సార్."

"గది పుండు గాదు, సాక్ష్యం. నువ్వు కడిగి మందు రాస్తే మానుతది. మానినంక కోర్టుల ఏం సూపియ్యాలె? నువ్వే రాయించినవ్ గద, రవ్వంత మార్పు లేకుంట అని."

"మానకుంటె సస్తది గద సార్."

"సస్తే పోస్టుమార్టం జేస్తరు. దానికి పద్ధతుంది."

అయ్యా, ఆయన చెడ్డ మనిషి కాదు. వెనుక ఒక ప్రమాదం కేసులో, జప్తు చేసిన ట్రాక్టరును యజమాని కడిగించుకొనుచుండగా చూచి ఊరకున్నాడని ఆయనకు మెమో ఇచ్చినారు. నెత్తురు మరకలు పోయినవి, కేసు పోయినది, ఆయన ప్రమోషన్ పోయినది. అప్పటి నుంచి 'కడుగుట' అనే మాట వింటే ఆయనకు దడ. నా నీళ్ల కుండను ఆయనే ఎత్తి మోరీలో పారబోసినారు. పోసేటప్పుడు ఎద్దు వైపు చూడలేదు.

4. తర్వాత పశువుల దవాఖాన నుంచి సుమన డాక్టరమ్మ వచ్చినది. రెండు మండలాలు ఆమె ఒక్కతే చూచును. టేపు పెట్టి పుండు పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసుకున్నది. నేను చేతులు కట్టుకొని అడిగినాను:

"కొలిచినవ్ బిడ్డా, జర మందు గూడ పెట్టి పోరాదు."

"పెద్దాయనా, గాయం ఎట్లుందో రాసియ్యమని ఠాణా లెటర్ ఉంది. ట్రీట్‌మెంట్ చెయ్యమని ఒక్క ముక్క రాసియ్యమనుండ్రి, ఈడనే కూసొని చేస్త. పోయినసారి అడగకుండ చేస్తే, నీ మందుతోనే గాయం పెద్దగైందని వకీలు నన్ను బోనుల నిలవెట్టి గంటసేపు ఏడ్పించిండు."

నేను ఆ ముక్క కోసం ఠాణాకు పోతిని. దర్యాప్తు చేసే సారు బందోబస్తుకు పోయినారు. కోర్టుకు పోతిని. వేసవి సెలవులు. మళ్లీ దవాఖానకు పోతిని. ఆ రోజు డాక్టరమ్మ రెండో మండలంలో ఉన్నది. దొడ్డి కావలిదారుగా నేను తిరుగుబోతు పశువులను చాలా చూచినాను గాని ఇంతగా తిరిగిన పశువును చూడలేదు.

5. ఇక్కడ రాయుటకు మనసు ఒప్పదు, అయినను అధికారులకు తెలియవలెను గనుక రాయుచున్నాను. మామిడిపండ్ల కాలం, ఈగలకు పండుగ. పుండు మీద తెల్లని గుడ్లు పెట్టినవి. పురుగు పడినది. కొంచెం దూరం నుంచి చూస్తే పురుగులు కనబడవు, పుండే తనంతట తాను కదులుచున్నట్టు కనబడును. ఆ జాగా ఎద్దుకు నాలుకతో అందదు. గుంజకు మెడ రాసుకొని రాసుకొని గుంజ నల్లబడినది. రాత్రంతా ఆ రాపిడి చప్పుడు వినబడుచుండును. వాసనకు బిక్షమ్మ మంచం వాకిట్లో నుంచి వెనుకకు మార్చుకున్నది, తర్వాత మళ్లీ తానే మంచం ముందుకు తెచ్చుకున్నది. ఎందుకని అడిగితే, "దాని పక్కపొంటి మనిషన్న ఉండాలె గద" అన్నది.

స్థితి మారకూడదని గదా నేను సంతకం చేసినది. స్థితి మారినది. అరచేయంత పుండు ఇప్పుడు చాటంత అయినది. ఈ మార్పు ఎవరి మీదను కేసు కాదట. మందు పెడితే అగు మార్పు మాత్రం నేరమట.

6. నిందితుడు ఎద్దు దరిదాపులకు రాకూడదని ఠాణాలో చెప్పి పంపినారు. ఎల్లేష్ రాడు. రోడ్డు అవతల, కరెంటు స్తంభం దగ్గర నిలబడును. ఒకనాడు రెండో ఎద్దును కూడా తోలుకొచ్చి నిలిపినాడు. మా ఇంటి ఎద్దు తల ఎత్తి ఒక్కసారి గట్టిగా రంకె వేసి, మెడ నొప్పికి మళ్లీ వాల్చినది. రోడ్డు ఇవతల నుంచి నేను, అవతల నుంచి అతడు అరచుకున్నాము.

"నా ఎద్దును నేను సంపుతున్ననని కేసు వెట్టిన్రు తాతా! ఇప్పుడు మీరందరు గలిసి, సంతకాలు వెట్టుకుంట సంపుతున్నరు!"

"ముల్లుగర్ర పట్టిననాడు లేదారా గీ రంది?"

"నాదే తప్పు. నన్ను తీస్కపోయి జైల్ల ఎయ్యుమను. దాని పుండు కడుగుండ్రి. పొద్దుగాల గట్క తింటుందా?"

"తింటలేదు."

"నువ్వు పెడితే తినది. దవడ కింద గోకాలె. గోకితే తింటది."

జొన్నరవ్వతో వండిన గట్క ముందు పెట్టి నేను గోకినాను. తినలేదు. నా గోకుడు వేరు గాబోలు.

7. అయ్యా, చట్టం చదువకుండా అర్జీ రాయువాణ్ని కాను. కల్వకుర్తిలో ఒక వకీలు గుమాస్తా దగ్గర 1960 నాటి జంతుహింస నివారణ చట్టం తెలుగు ప్రతి జిరాక్స్ తీయించుకున్నాను. మూడో సెక్షను చూడవలెను. ఏ జంతువైనను ఎవని సంరక్షణలో గాని జిమ్మాలో గాని ఉన్నదో, వాడు దాని క్షేమానికి తగిన చర్యలన్నియు తీసుకొనుట, అనవసరపు నొప్పి, బాధ కలుగకుండా చూచుట వాని విధి. యజమాని అని మాత్రమే రాసి ఉంటే నేను తప్పించుకొందును. జిమ్మాలో ఉన్నవాడు అని ఉన్నది. కండ్లద్దాలు తుడిచి మళ్లీ చదివినాను, అట్లనే ఉన్నది. అంటే ఈ దినం రాళ్లచెల్కలో ఆ చట్టం వేలెత్తి చూపే మనిషిని నేనే. మందు పెడితే జిమ్మానామా తప్పినవాణ్ని. పెట్టకపోతే చట్టం తప్పినవాణ్ని. రెండింటి నడుమ ఎద్దు ఉన్నది.

పదకొండో సెక్షను కూడా చదివినాను. ఎల్లేష్ చేసిన తప్పుకు, మొదటిసారి అయినచో, జుర్మానా యాభై రూపాయలు దాటదు. అరవై ఏండ్ల కింది ధర అది, ఎవరూ సవరించినట్టు లేదు. యాభై రూపాయల నేరానికి సాక్ష్యం చెడిపోకుండా ఉండుటకు ఒక ప్రాణిని పురుగులకు వేసి ఉంచినాము.

ముప్పై అయిదో సెక్షనులో, ఇటువంటి పశువును దవాఖానలో ఉంచి బాగయ్యే దాకా చికిత్స చేయించుమని మేజిస్ట్రేటు ఉత్తరువు ఇవ్వవచ్చునని ఉన్నది. ఉన్నదని ఠాణాలో చూపించినాను. "గట్లాంటి దవాఖాన యాడుంది తాతా మన తాన?" అని అడిగినారు. నాకును తెలియలేదు.

8. శుక్రవారం నుంచి ఎద్దు కూలబడినది, లేచుట లేదు. శనివారం దశరథ్ గారు వచ్చి, బండి దిగకుండానే చెప్పినారు:

"నీ ఫికర్ తీరింది తాతా. పదమూడో సెక్షన్ కింద ఆర్డర్ అడుగుతున్నం. సెలవులల్ల ఇన్‌చార్జి మేజిస్ట్రేటు ఉంటడు, సంతకం అయితది. బేస్తారం డాక్టరమ్మ వచ్చి సూదేస్తది. దానికి నొప్పి గూడ తెల్వది."

"గా సంతకం వెట్టే సారునే మందుకు ఆర్డర్ అడుగుండ్రి సార్. గదే కాయితం, గదే కలం."

"మందుకు ఎట్ల రాయాల్నో మా స్టేషన్ల ఎవ్వలకు తెల్వది తాతా. దీనికైతే నమూనా ఉంది."

అయ్యా, ఈ పుండు మానేదే. దొడ్డిలో ఇంతకన్న పెద్ద పుండ్లు మానుట నా కండ్లతో చూచినాను. అది మానుటకు నమూనా కాగితం లేదు, చచ్చుటకు ఉన్నది, అంతే తేడా.

కావున తమరిని ప్రార్థించునది ఏమనగా:

(అ) బేస్తవారం, అనగా వచ్చే గురువారం లోపల పుండు కడిగి మందు పెట్టుటకు నాకు గాని డాక్టరమ్మకు గాని ఒక్క వాక్యం రాసి ఇప్పించవలెను. సాక్ష్యం కావలెనంటే ఫోటోలు ఉన్నవి, కొలతలు ఉన్నవి, లోకమంతా చూచిన వీడియో ఉన్నది.

(ఆ) అది వీలుకానిచో, జిమ్మాలో ఉన్న పశువు బాధపడుచుండగా చూచుచు ఊరకున్నందుకు నా మీద మూడో సెక్షను విధి తప్పినవానిగా కేసు కట్టించవలెను. అప్పుడు నేను నిందితుణ్ని అగుదును, నిందితుడు ఎద్దు దరిదాపులకు రాకూడదు గనుక నా జిమ్మా తప్పును. ఇంకెవరైనా ధైర్యవంతునికి అప్పగించవచ్చును.

(ఇ) ఎల్లేష్‌ను రోజుకు ఒక్కసారి రోడ్డు దాటి వచ్చి దాని దవడ గోకి గట్క తినిపించుటకు అనుమతించవలెను. పోలీసు వారు పక్కన నిలబడి చూచినను అభ్యంతరం లేదు.

పొడుగైన అర్జీలను కొందరు సార్లు చివరి నుంచి చదువుదురని విన్నాను. తమరు అట్లే ఇక్కడి నుంచి మొదలుపెట్టినచో, పైకి పోవలసిన పని లేదు, (అ) దగ్గర ఒక సంతకం చాలును. అంత మటుకు చిత్తగించవలెను.

తమ విధేయుడు, చట్టరీత్యా ఎద్దు బాధకు జవాబుదారుడు,
జానయ్య
రాళ్లచెల్క

మళ్లీ మనవి: పై అర్జీ ఆదివారం పొద్దున పూర్తి చేసి, కవరు అంటించుటకు రెండు బువ్వ మెతుకులు అడుగగా బిక్షమ్మ ఇవ్వలేదు. ఏమి రాసితినో చదివి వినిపించమన్నది. వినిపించినాను. అంతా విని అడిగినది:

"గీ కాయితం కలెక్టరుకు అందాలె, ఆయన సదవాలె, సంతకం గావాలె, మల్ల గాన్నుంచి గీడికి రావాలె. గందాక పురుగులు ఆగుతయా?"

కవరు పక్కన పెట్టి లేచినాను. ఇన్నేండ్లలో ఆమె ముందు ఓడుట కొత్త కాదు గాని ఈసారి సిగ్గనిపించినది.

కనుక ఆదివారం మధ్యాహ్నం చెలకగట్టు మీది సీతాఫలం ఆకు తెచ్చి, నూరి, పసరు పుండులో పిండినాము. పురుగు రాలినది. ఎంత రాలినదో రాయను, తమరు అన్నం తినే వేళ కావచ్చును. వేపాకు నీళ్లతో కడిగినాము. రవ్వంత కాదు, బోలెడంత మార్పు వచ్చినది. సాక్ష్యం చెరిపినవాడు జానయ్య అని రాసుకొనవలెను.

ఆ సమయంలో ఎద్దు కొమ్ములు పట్టుకున్నది నా భార్య బిక్షమ్మ అని నమోదు చేయవలెను. రోడ్డు అవతలి నుంచి ఎవరును రాలేదు. బిక్షమ్మను చూస్తే బుస కొట్టే ఎద్దు ఆ మధ్యాహ్నం ఆమె తొడ మీద తల పెట్టి చేతులు నాకుట వింతయే. ఆమె దాన్ని పట్టుకొని మగ గొంతుతో "ఓర్సుకోరా కొడుకా, ఓర్సుకో, నాదే తప్పు" అని ఏడ్చుట కూడా వింతయే. ఈ ముక్క రాయుచుండగా బిక్షమ్మ పక్కనే ఉన్నది. "గట్లనే రాయి. నా పేరే వెట్టు. నన్నేం జేస్తరు, పండ్లూడగొడ్తరా? ఉన్నయే రెండు" అన్నది.

కావున ప్రార్థన (అ) ఉపసంహరించుకొనుచున్నాను. (ఆ) యథాతథంగా నిలుచును, సెక్షను మాత్రం తమరి ఇష్టం. (ఇ) గురించి ఇక పట్టుబట్టను.

ఎద్దు బతికినదని రాయలేను. నీళ్లు రెండు గుక్కలు తాగినది, గట్క ముట్టలేదు, ఒళ్లు కాలుచున్నది. డాక్టరమ్మకు ఫోను చేసి జరిగినదంతా చెప్పినాను. లేచిందా అని ముందు అడిగినది. తర్వాత, "బేస్తారం నేను వచ్చేటాళ్లకు అది నాలుగు కాళ్ల మీద నిలవడి ఉంటే, చావుకు సర్టిఫికెట్ రాసియ్య. పండుకొని ఉంటే మాత్రం నా చేతుల ఏం లేదు" అన్నది.

అందుచేత నేను ప్రజావాణికి స్వయంగా రాలేక, కలెక్టరాఫీసు వైపు పోవుచున్న మా ఊరి బడి గ్లోరీ టీచరమ్మ చేతికి ఈ కాగితం ఇచ్చి పంపుచున్నాను. ఇక్కడ దాని పొట్ట కింద గోనెపట్టాలు దూర్చి, అటొకరు ఇటొకరు ఎత్తుచు, తోక దగ్గర ఒకరు పట్టి లేపుచున్నాము. తెల్లవారి నుంచి రెండు మార్లు మోకాళ్ల దాకా లేచి కూలినది. మళ్లీ ఎత్తుటకు ముగ్గురమూ, తప్పు, ఇద్దరమూ సిద్ధంగా ఉన్నాము. ఒక చేత పట్టా పట్టుకొనియే రాయుటచేత కింది సంతకం వంకర పోయినది. పై సంతకంతో సరిపోలలేదని కాగితం తిప్పి పంపవద్దని ప్రార్థన.

జానయ్య